జీర్ణోద్ధరణము: ఒక పాత కారు, ఒక తొలి ప్రయత్నం

పాడైన వస్తువును బాగుచేయడానికి మన తెలుగులో రెండు మాటలు స్థిరపడి ఉన్నవి. ఒకటి మరమ్మతు, రెండవది జీర్ణోద్ధరణము. మొదటిది అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా మన పల్లెల వరకు నడచి వచ్చి, చెరువుకట్ట మొదలు చేతిగడియారం దాకా అన్నిటికీ పనికివచ్చిన మాట. రెండవది సంస్కృత సమాసం. గుడికో, కోనేటికో, శిథిలమైన ప్రాచీన కట్టడానికో తప్ప సామాన్యంగా దానిని ఎవరూ వాడరు. రెంటికీ అర్థంలో సూక్ష్మమైన భేదమున్నది. మరమ్మతు చేసేవాడు 'ఇది మళ్లీ నడుస్తుందా?' అని చూస్తాడు. జీర్ణోద్ధరణకు పూనుకొన్నవాడు 'ఇది మొదట ఏ విధంగా ఉండేది? అందులో ఇంకా ఎంత మిగిలి ఉన్నది?' అని చూస్తాడు.

ఈ రెండవ మాటను మోటారు కారుకు అన్వయించడం కొందరికి హాస్యాస్పదంగా తోచవచ్చు. కాని హైదరాబాదులోని చౌమహల్లా రాజప్రాసాదాన్ని చూచినవారికి అది హాస్యంగా తోచదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ తెప్పించుకొన్న పసుపుపచ్చని రోల్స్ రాయిస్ అక్కడ ఉన్నది. అది 1912 నాటి బండి. దానిని ఏరికోరి తయారుచేయించుకొన్న ప్రభువు 1911లోనే మరణించాడు. దాని ముందు నిలబడిన సందర్శకుడు యంత్రాన్ని చూస్తున్నానని అనుకోడు. ఒక కాలాన్ని చూస్తున్నానని అనుకొంటాడు. అట్టి వస్తువును ముట్టుకొనే చేతికి కొంత వినయం కావాలి.

అయితే మేమిక్కడ రాజుల బండ్లను గురించి వ్రాయబూనలేదు. సామాన్య ఉద్యోగి ఒకడు తన ఇంటి గ్యారేజీలో, సెలవుదినాలలో, తన చేతులతో తొలిసారి చేపట్టే పునరుద్ధరణను గురించి రెండు మాటలు చెప్పదలచినాము. మేము తెలుగు చెప్పే పంతుళ్లమే గాని పానా పట్టినవారము కాము. ఈ విషయం మా దాకా రావడానికి కారణం మా పూర్వ విద్యార్థి ఒకరు. ఆయన ప్రస్తుతం అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఇంజనీరు. 1967 నాటి ఎం.జి.బి. అనే ఇంగ్లండు స్పోర్ట్సు కారును కొని, దానిని పూర్వస్థితికి తీసుకొని రావాలని సంకల్పించి, ఆ పని ఎట్లా జరుగుతున్నదో మాకు తరచుగా వ్రాస్తున్నారు. ఆ ఉత్తరాల పుణ్యమా అని మేము కూడా ఆ కారును గురించి కొంత చదివినాము. చదివినకొద్దీ మాకొక అభిప్రాయం ఏర్పడినది. దానిని విద్యార్థుల ముందు ఉంచడం యుక్తమని తోచినది.

మొదట ఆ కారు వంశాన్ని చెప్పవలె. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరంలో విలియం మోరిస్ అనే ఆయనకు మోరిస్ గ్యారేజెస్ అనే సంస్థ ఉండేది. దానికి మేనేజరుగా వచ్చిన సిసిల్ కింబర్, మోరిస్ వారి సాధారణపు కార్లకే అందమైన శరీరాలను తొడిగించి, వేగం పెంచి, 1920ల నడుమ వాటిని ఎం.జి. అనే పేరుతో అమ్మసాగినాడు. 1929లో కర్మాగారం ఆక్స్‌ఫర్డు సమీపాన ఉన్న ఆబింగ్డన్ పట్టణానికి చేరింది. ఎం.జి.బి. అక్కడ 1962లో పుట్టింది. 1980 అక్టోబరులో ఆ కర్మాగారం మూతపడే వరకు తయారవుతూనే ఉన్నది. ఈ పద్దెనిమిదేండ్లలో 5 లక్షలకు పైగా బండ్లు బయటికి వచ్చినవి. వీటిలో అధికభాగం పుట్టిన దేశంలో నిలువలేదు; ఓడలెక్కి అమెరికాకు పోయినవి. ఆ రోజులలో బ్రిటను దేశానికి డాలర్ల అవసరం అంతగా ఉండేది.

'దిగుమతి' అనే మాటకు ఈ కారు చరిత్రలో విచిత్రమైన అర్థాలు ఏర్పడినవి. అమెరికావారికి అది దిగుమతి బండి. కాలిఫోర్నియా వంటి పొడి ప్రాంతాలలో తుప్పు పట్టక నిలిచిన బండ్లను తరువాత ఇంగ్లండు వ్యాపారులు వెదకి వెదకి తిరిగి తమ దేశానికి దిగుమతి చేసుకొన్నారు. 1990లలో ఎం.జి.బి. ఆకృతినే ఆధారం చేసుకొని, పెద్ద ఇంజను పెట్టి, ఆర్.వి.8 అనే పేరుతో దాదాపు 2,000 కార్లు తయారుచేస్తే, వాటిలో ఎక్కువభాగం జపానుకు పోయినవి; వాటిలోనూ కొన్ని మళ్లీ ఇంగ్లండు చేరుకొన్నవి. పుట్టింటికే దిగుమతి కావడం మనుషులకు కూడా అరుదుగా లభించే భాగ్యం! మన రోడ్లపై 2019 నుండి కనిపిస్తున్న అష్టకోణపు ఎం.జి. ముద్రకు ఈ చరిత్రతో పేరు సంబంధమే గాని రక్తసంబంధం లేదు. ఆ పేరు ఇప్పుడు చైనా దేశపు సంస్థ చేతిలో ఉన్నది.

రక్తసంబంధం వేరొకచోట ఉన్నది. మనమంతా ఎక్కి తిరిగిన అంబాసిడర్ కారు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి మన దేశపు రూపం. దానిలో చిరకాలం పనిచేసిన 1489 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను 'బి సిరీస్' అనే కుటుంబానికి చెందినది. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. స్పోర్ట్సు కారులో ఉన్నదీ ఆ 1489 ఇంజనే. దానినే పెంచి 1798 ఘనపు సెంటీమీటర్లు చేసి ఎం.జి.బి.లో పెట్టినారు. అనగా కలెక్టరుగారి తెల్ల అంబాసిడరూ, కాలిఫోర్నియా సముద్రతీరాన టాపు దించుకొని పరుగెత్తే ఎర్రని ఎం.జి.బి.యూ దాయాదులు. 2014లో అంబాసిడర్ ఉత్పత్తి ఆగిపోయేవరకు మన మెకానిక్కులు ఆ కుటుంబంలోని ఇంజన్లను ఎన్నిమార్లు విప్పి బిగించినారో లెక్కకట్టగలవారెవరు?

మా విద్యార్థి తండ్రిగారు అట్టి మెకానిక్కులలో ఒకరు. హైదరాబాదు పాతబస్తీలో టాక్సీలను, ఆఫీసు కార్లను బాగుచేస్తూ ముగ్గురు పిల్లలను చదివించినారు. పెద్దగా చదువుకోలేదు, పనిలో మాత్రం అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలిచేవారు. కుమారుడు కారు కొన్న సంతోషంతో ఫోను చేసి, దాని అసలు రంగు ఏదో, ఇప్పుడు ఏ రంగు వేయించదలచినాడో, సీట్లకు తోలు ఎక్కడ దొరుకుతుందో చాలసేపు చెప్పినాడట. అంతా విని ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "అది సరే బేటా, తలుపులు ఎట్ల మూసుకుంటున్నయ్?"

ఈ ప్రశ్నలో ఉన్న శాస్త్రమంతా మేము తరువాత తెలుసుకొన్నాము. వెనుకటి కార్లకు అడుగున ఛాసిస్ అనే వేరే చట్రం ఉండేది. దాని మీద శరీరాన్ని కూర్చేవారు. ఎం.జి.ఎ. అట్టిదే. ఎం.జి.బి.కి అట్లా కాక, శరీరమే చట్రం. రేకులన్నీ ఒకదానికొకటి అతికి, పెట్టెవలె బిగిసి, బరువు మోస్తవి. మన అంబాసిడరు నిర్మాణమూ ఇట్టిదే. కాని దానికి పైకప్పు ఉన్నది. ముందూ వెనుకా కలిపి పట్టుకొనడానికి ఆ కప్పు కొంత సాయం చేస్తుంది. టాపు లేని స్పోర్ట్సు కారులో ఆ సాయం లేదు. తలుపుల కింద, గడప మాదిరిగా, ముందు చక్రం నుండి వెనుక చక్రం దాకా సాగే 'సిల్' అనే దూలమే ప్రధానమైన ఆధారం. అది పుచ్చితే బండి నడుము వంగుతుంది. నడుము వంగితే తలుపుకూ దాని చట్రానికీ నడుమ ఉండవలసిన సందు పైన ఇరుకై, కింద వెడల్పవుతుంది, తలుపు రాసుకొంటుంది. జాకీ పెట్టి లేపినప్పుడు తలుపు బిగుసుకొనిపోతే ఇక సందేహించనక్కర లేదు. రంగు ఎంత మెరుస్తున్నా ఆ బండికి వెన్ను విరిగినదని అర్థం.

మా మిత్రుని బండికి ఎడమ తలుపు బిగుసుకొన్నది.

న్యూజెర్సీలో శీతకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇనుము, నీరు, గాలి కలిస్తేనే తుప్పు. వాటికి ఉప్పు తోడైతే దానికి రెక్కలు వస్తవి. పైగా ఈ తుప్పు బయటి నుండి లోపలికి పోయేది కాదు. లోపలి నుండి బయటికి వచ్చేది. ఎం.జి.బి. సిల్ ఒక్క రేకు కాదు. బయటిదొకటి, లోపలిదొకటి, వాటి నడుమ నిలువుగా మరొకటి. అడుగున వీటిని కలుపుకొని మరొక భాగం ఉన్నది. దానికి మెకానిక్కులు పెట్టుకొన్న పేరు 'కాజిల్ సెక్షన్', అనగా కోట. శత్రువు ప్రవేశించేది ఈ కోటలోనికే. అడుగున నీరు పోవడానికి ఉంచిన రంధ్రాలు మట్టితో పూడుకొంటే, లోన చేరిన తేమకు బయటికి దారి ఉండదు. ముందు మడ్గార్డుల లోపల పైభాగాన కూడా చక్రాలు చిమ్మిన మట్టి గడ్డకట్టి, ఏండ్ల తరబడి తడిగా ఉండి, రేకును తింటుంది. పైన చిన్న బొబ్బ కనిపించే సమయానికి లోన జల్లెడ తయారై ఉంటుంది.

ఈ సంగతి అమ్మేవారికి తెలియనిది కాదు. పుచ్చిన సిల్ మీద కొత్త రేకు ముసుగు ఒకటి తొడిగి, అంచులను పుట్టీతో నింపి, ఉప్పుకాగితంతో నునుపు చేసి, రంగు కొట్టి అమ్మిన బండ్లు ఆ దేశాలలో లెక్కకు మిక్కిలి. అయస్కాంతం ఒకటి జేబులో వేసుకొని పోతే పుట్టీ ఎక్కడున్నదో తెలిసిపోతుంది. కాని తొలి బండి కొనేవాడు జేబులో అయస్కాంతానికి బదులు ఆశను వేసుకొని పోతాడు. అందువలననే రంగు చూచి మురిసేవానికంటె, రంగు ఊడిపోయి ఉన్న బండిని తడిమి కొనేవాడు అదృష్టవంతుడని మా అభిప్రాయం. దాచినదేదీ ఉండదు గదా.

ఇక ముఖ్యమైన వివాదానికి వస్తాము. బండి చేతికి వచ్చిన వెంటనే ఏమి చేయవలె? నూటికి తొంబదిమంది ఉత్సాహవంతుల ఆలోచన ఒక్కటే: మొత్తం విప్పివేయడం. చివరి నట్టు దాకా విప్పి, శుభ్రం చేసి, కొత్తదానివలె కూర్చితే పోతుంది గదా అని. ఇది మహోన్నతమైన ఆలోచనగా కనిపిస్తుంది. ఫలితం ఏమంటే, విప్పడం రెండు నెలలలో ముగుస్తుంది. కూర్చడం ఎన్నటికీ మొదలు కాదు. ఇంజను ఒక మూల, శరీరం ఒక మూల, అట్టపెట్టెలలో పేరు తెలియని ముక్కలు. ఏ బోల్టు ఎక్కడిదో విప్పిన చేయి మరచిపోతుంది. మూడేండ్లకు ఇంట్లో గొడవలు, ఉద్యోగంలో బదిలీలు. చివరికి 'అసంపూర్ణ పునరుద్ధరణ' అనే ప్రకటనతో ఆ పెట్టెలన్నీ చవకగా మరొక ఉత్సాహవంతుని ఇంటికి చేరుతవి. పాశ్చాత్యదేశాల పాత కార్ల ప్రకటనలలో ఇట్టివి ఎప్పుడు చూచినా కనిపిస్తవి. నడిచే స్థితిలో కొన్న బండి, దాని మీది ప్రేమ చేతనే నడవకుండా పోవడం ఎంత విషాదం!

ఈ విషయంలో తెలుగువారికి ఒక మంచి గురువు ఉన్నాడు. ఆయన కార్లు పుట్టకమునుపే పోయినాడు గాని ఆయన పద్ధతి ఇక్కడికి సరిగా వర్తిస్తుంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 19వ శతాబ్ది పూర్వార్ధంలో మన తాళపత్రాలను సేకరించినప్పుడు, దొరికిన మొదటి ప్రతిని పట్టుకొని దిద్దుకొంటూ పోలేదు. ఒకే కావ్యానికి పలు ప్రతులను తెప్పించినాడు, పండితులచేత సరిపోల్పించినాడు, పాఠాంతరాలను వ్రాయించినాడు. దిద్దుబాటు ఆ తరువాతి మాట. పురుగు తిన్న చోట ఏ అక్షరం ఉండేదో ఊహించి పూరించడం పండితునికి ఎప్పుడూ ఆకర్షణీయమైన పనే. కాని పూరణను మూలమని చెప్పడం పరిష్కరణలో మహాపరాధం. పాత కట్టడాల విషయమై 1964లో వెనిసు నగరంలో రూపొందిన నిబంధనావళి కూడా ఊహాపోహలకు తావివ్వరాదనే చెప్పింది. దాని అడుగుజాడలలోనే పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012-13లో ట్యూరిన్ పేరిట తన సూత్రాలను ప్రకటించినది. మిగిలి ఉన్నదానిని కాపాడడం ముందు, పోయినదానిని తిరిగి తేవడం తరువాత అన్నది అందులోని ధోరణి.

కాబట్టి మా మాట ఇది: తొలి పునరుద్ధరణ విప్పడంతో గాక చదవడంతో మొదలు కావలె. బండిని నిలిపి, ఫొటోలు తీయవలె. ఇంజను మీద, శరీరం మీద ఉన్న సంఖ్యలను వ్రాసుకోవలె. ఇంగ్లండులోని గేడన్‌లో ఉన్న మోటారు పరిశ్రమ వారసత్వ సంస్థ ఈ కార్ల కర్మాగారపు రికార్డులను భద్రపరచింది. రుసుము కడితే ఏ తేదీన తయారైనది, ఏ రంగుతో, ఏ ఇంజనుతో, ఏ దేశానికి పోవడానికి అనే వివరాలతో ధ్రువపత్రం ఇస్తుంది. అది బండికి జాతకచక్రం వంటిది. మా మిత్రుడు దానిని తెప్పించుకొన్నాడు. తాను వేయించదలచిన ఎరుపు ఆ కారు అసలు రంగు కాదని అప్పుడు తెలిసినది! ఎరుపు నడుమ ఎవరో వేసినది. బానెట్ అడుగున, డ్యాష్‌బోర్డు వెనుక గోకి చూస్తే లేత నీలం బయటపడింది.

చదవడం అయిన తరువాత ప్రాణానికి సంబంధించినవి చూడవలె: బ్రేకులు, పెట్రోలు గొట్టాలు, వైర్లు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నది. వెనుకటి రబ్బరు గొట్టాలకు అది సరిపడదు. మెత్తబడి, పగిలి, వేడి ఇంజను మీద కారితే బండితోపాటు ఇల్లు కూడా పోవచ్చును. 1967 నాటి ఈ బండిలో మరొక విశేషం ఉన్నది. ఇప్పటి కార్లన్నిటిలో బ్యాటరీ రుణధ్రువాన్ని శరీరానికి కలుపుతారు. దీనిలో ధనధ్రువాన్ని కలిపినారు. అదే సంవత్సరం చివర ఆ పద్ధతి మారినది. తెలియక ఇప్పటి కారును నడిపినట్లే దీనికి వైరు తగిలిస్తే పొగ వస్తుంది. బ్యాటరీలు కూడా ఒకటి కాదు, ఆరేసి వోల్టులవి రెండు. సీట్ల వెనుక నేల కింద, ఎవరికీ కనబడనిచోట కూర్చున్నవి. వాటి ఆమ్లం కారి కిందిపెట్టెను తినడం అందరి అనుభవం.

ఇంజను మాటకు వస్తే ఎక్కువ చెప్పవలసినది లేదు. బయటివారు భయపడేది దానికే. నిజానికి అందులో ఉన్నంత తేలిక మరెక్కడా లేదు. అన్ని విడిభాగాలూ దొరుకుతవి. ఎస్.యు. కార్బురేటర్లు రెండు, వాటిలో పిస్టను వంటిదొకటి గాలి పీల్పును బట్టి తానే పైకి లేస్తూ, సూది ద్వారా పెట్రోలును కొలుస్తుంది. ఇంత సులభమైన ఉపాయాన్ని ఎవరూ కనిపెట్టకపోతేనే ఆశ్చర్యపడవలె. సీసము కలిపిన పెట్రోలు అమెరికా రోడ్ల మీద 1996 నుండి నిషిద్ధం కనుక, సిలిండరు హెడ్డు విప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించుకోవడం మంచిది. అంతే.

శరీరం అట్లా కాదు. పుచ్చిన సిల్‌ను కోసివేయడానికి ముందు, తలుపు ఉన్న ఖాళీలో అడ్డంగా ఇనుపకమ్ములు బిగించి, ఆ ఖాళీ కొలత మారకుండా కట్టడి చేయవలె. లేకపోతే పాత దూలం తీసిన క్షణాన బండి కుంగుతుంది. ఆ కుంగిన స్థితిలోనే కొత్త దూలాన్ని అతికితే, ఆ వంకర శాశ్వతమవుతుంది. రెండు ప్రక్కలు ఒకేసారి కోయరాదు. సిల్ చివరలు మడ్గార్డుల లోపలికి దూరి ఉంటవి. కనుక మంచిగా ఉన్న మడ్గార్డు అడుగుభాగాన్ని కూడా ధైర్యంగా కోయవలసి ఉంటుంది. చాలమంది ఆ ధైర్యం చేయలేక, కనబడినంత మేర కొత్త రేకు వేసి, లోపలి చివరలను దైవానికి వదలివేస్తారు. కోయడం, మధ్య మధ్య తలుపు బిగించి చూడడం, మళ్లీ విప్పడం, ఒక మిల్లీమీటరు సవరించడం. నెలలు గడుస్తవి. బయటినుండి చూచేవారికి ఏమీ జరిగినట్లు కనిపించదు. తొలిసారి పూనుకొన్నవానికి నిజమైన పరీక్ష ఇక్కడే.

ఆరోగ్యం మాట కూడా చెప్పవలె. పాత బ్రేకుపట్టీలలో, క్లచ్చిలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ దుమ్మును గాలితో ఊదరాదు. రెండు ద్రవాలు కలిపి పిచికారీ చేసే ఇప్పటి రంగులలో ఐసోసయనేట్లు ఉంటవి. స్వచ్ఛమైన గాలిని బయటినుండి అందించే ముసుగు లేకుండా వాటిని కొట్టేవాడు తన ఊపిరితిత్తులకు రంగు వేసుకొంటున్నాడు. మన పెయింటర్లు ముక్కుకు చేతిరుమాలు కట్టుకొని ఈ పని చేయడం మేము చూచినాము. దానిని నైపుణ్యమని మెచ్చుకొనడం అన్యాయం.

ఇక్కడ ఒక ధర్మసందేహం. ఇంత శ్రమ ఎందుకు, కొత్త శరీరమే కొనవచ్చును గదా? కొనవచ్చును. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ వెనుకటి అచ్చులనే వెదకి సంపాదించి, 1988 నుండి ఎం.జి.బి. శరీరాలను సరికొత్తగా తయారుచేస్తున్నది. పాత బండి ఇంజనూ చక్రాలూ సీట్లూ దానికి మార్చుకొంటే పని తొందరగా ముగుస్తుంది. కాని అప్పుడది 1967 నాటి కారా, మొన్నటి కారా? మా మిత్రునికీ ఆయన తండ్రిగారికీ ఇక్కడ అభిప్రాయభేదం వచ్చింది. తండ్రిగారు కొత్త శరీరమే మంచిదన్నారు. ఆయన జీవితమంతా బండ్లు సురక్షితంగా నడవడం కోసం పనిచేసినవారు. కుమారుడు ఒప్పుకోలేదు.

మా ఉద్దేశంలో ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. తాళపత్రం నూరేండ్లో రెండు వందల ఏండ్లో నిలుస్తుంది. పిదప దానిని కొత్త ఆకుల మీదికి ఎత్తి వ్రాయవలసిందే. అట్లా ఎత్తి వ్రాసినందువలననే మనకు భారతం దక్కినది. కొత్త ఆకుల మీద ఉన్నంత మాత్రాన అది తిక్కన రచన కాకుండా పోలేదు. కాని మంచి లేఖకుడు చివర ఒక వాక్యం వ్రాసేవాడు: ఫలానా సంవత్సరం, ఫలానా తిథినాడు, ఫలానావాడు వ్రాసిన ప్రతి అని. ఫారసీ, ఉర్దూ వ్రాతప్రతులలో దీనినే తర్ఖీమా అంటారు. కొత్త శరీరం వేయడం దోషం కాదు. తర్ఖీమా లేకపోవడం దోషం. ఏ రేకు ఎప్పుడు మారినది, ఏది పాతది, ఏది కొత్తది, ఎవరు అతికినారు అనేది వ్రాసిపెట్టి బండితోపాటు ఉంచితే, తరువాతివాడు మోసపోడు. వ్రాయకుండా అమ్మితే, ఎంత చక్కని పనితనమైనా అది దొంగప్రతియే.

డబ్బు విషయం కూడా దాచరాదు. పూర్తిగా పునరుద్ధరించిన ఎం.జి.బి.కి వచ్చే వెల, దానికి పెట్టిన ఖర్చుకు చాలదు. 5 లక్షలు తయారైన బండి అరుదైనది కాదు గదా. ఇది పెట్టుబడి అనుకొని దిగేవాడు బంగారమో భూమో కొనుక్కోవడం మేలు. అరుదు కానందువలననే విడిభాగాలు దొరుకుతున్నవి, పుస్తకాలు దొరుకుతున్నవి, అడిగితే చెప్పేవారు ఉన్నారు. తొలి ప్రయత్నానికి ఇంతకంటె తగిన బండి లేదని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే.

పేద పిల్లలు చదివే కళాశాల పత్రికలో ధనికదేశపు సరదాను గురించి ఇంత గ్రంథమెందుకని కొందరు పెద్దలు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. మా తరగతిలో ముందు బెంచీల నుండి వెనుక బెంచీల దాకా కూర్చున్నవారిలో మెకానిక్కుల బిడ్డలున్నారు, డెంటింగు చేసేవారి బిడ్డలున్నారు, లేతు మిషను నడిపేవారి బిడ్డలున్నారు. దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అనే చోట ఆ పిల్లలు కలం ఆపి, 'వ్యాపారం' అని వ్రాయడం మేము ఎన్నోసార్లు చూచినాము. రేకును సుత్తితో కొట్టి, వేళ్లతో తడిమి, కంటికి కనబడని ఎత్తుపల్లాన్ని చేతితో చదివే విద్యను నేర్చుకోవడానికి ఇంగ్లండులో యువకులు డబ్బుకట్టి శిక్షణలో చేరుతున్నారు. ఆ విద్య మన గల్లీలలో తండ్రి దగ్గర ఊరికే దొరుకుతున్నది. దొరికే రోజులు తరిగిపోతున్నవి. అంబాసిడర్లు పోయినవి, కంప్యూటరు పెట్టి జబ్బు కనిపెట్టే బండ్లు వచ్చినవి, పాత ఉస్తాదులకు చూపు తగ్గినది. వారి తలలలో ఉన్నదానిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. మేము తాటాకుల కోసం ఊరూరా తిరిగినవారి కథను పాఠంగా చెప్తాము. పక్కవీధిలో ఆరిపోతున్న గ్రంథాలయం మాత్రం మాకు పట్టదు.

మన దేశంలోనూ ఈ విద్యకు గిరాకీ లేకపోలేదు. 2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏండ్లు దాటిన వాహనాలకు ప్రత్యేక నమోదు నియమాలు తెచ్చినది. అట్టి బండ్ల సంఖ్యాఫలకం మీద 'వి.ఎ.' అనే అక్షరాలు ఉంటవి. కొత్త నమోదుకు 20,000 రూపాయల రుసుము. గడువు 10 ఏండ్లు. రోజువారీ తిరుగుడుకు వాటిని వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే రోడ్డెక్కవలె. ఛాసిస్‌ను గాని, శరీరాన్ని గాని, ఇంజనును గాని గణనీయంగా మార్చివేసిన బండికి ఈ నమోదు దొరకదు. అనగా అసలును అసలుగా నిలిపినవానికే చట్టం తలుపు తెరుస్తున్నది. ఆ పని చేయగల చేతుల కోసం రేపు మనవారు వెదకుకోవలసి వస్తుంది.

మా మిత్రుని బండికి ఇంకా రంగు పడలేదు. ఎడమవైపు దూలం మూడు రేకులూ మారినవి. కుడివైపు వచ్చే వేసవికి. ప్రతి ఆదివారం ఉదయం, ఇక్కడ మనకు రాత్రి అయ్యే వేళకు, వీడియోలో తండ్రిగారు తలుపు సందును చూస్తున్నారట; పైన, నడుమ, కింద మూడుచోట్ల కొలిచి చెప్పమంటున్నారట. కుమారుడు ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతి కొలతనూ తేదీతో వ్రాస్తున్నాడు. ఎడమపేజీలో తాను చేసిన పని ఇంగ్లీషులో. కుడిపేజీలో తండ్రిగారు చెప్పినది, చెప్పిన మాటలలోనే, సగం తెలుగు, సగం ఉర్దూ. మొన్నటి ఉత్తరంతో కుడిపేజీ ఒకదాని నకలు మాకు పంపినాడు. వెల్డింగు వేడికి రేకు ముడుచుకోకుండా ఉండడానికి ఒకేచోట సాగదీసి అతకరాదనీ, ఇక్కడొక చుక్క అక్కడొక చుక్క పెట్టుకొంటూ, చేయి పెట్టగలిగినంత చల్లారిన తరువాతనే మళ్లీ మొదలుపెట్టవలెననీ అందులో ఉన్నది. అడుగున తండ్రిగారి పేరు, తేదీ.